ఇంటికి తగిన రౌటరు: ఎన్నుకొను విధము

వాల్వు రేడియోలను ఎరిగిన పాఠకులకు ఒక సంగతి జ్ఞాపకముండును. కొన్ని సెట్ల వెనుక అట్టను విప్పి చూచినచో, లోపలివైపున సర్క్యూటు పటము అంటించి ఉండెడిది. ఏ వాల్వు ఎక్కడ ఉన్నదో, ఏ తీగ ఎక్కడికి పోవుచున్నదో ఆ కాగితము చెప్పెడిది. తయారుచేసిన కంపెనీ ఆ వ్యాపారమునే మానుకొన్నను, ఊరిలోని మెకానిక్కు పటము చూచుకొని సెట్టును బాగుచేసి ఇచ్చెడివాడు. అందుచేతనే కొన్ని సెట్లు కొన్నవారి కాలమును దాటి వారి పిల్లల కాలమున కూడ పలికినవి.

నేడు మన యిండ్లలో రేడియో తరంగములతో పనిచేయు మరియొక పెట్టె వచ్చి చేరినది. దానిని రౌటరు అందురు. వైఫై పెట్టె అని వాడుక. ఇంటిలోని ఫోనులు, కంప్యూటర్లు, టీవీలు అన్నియు దాని ద్వారముననే బయటి ప్రపంచముతో మాటలాడుచున్నవి. ఈ పెట్టెకు పటము ఉన్నదా? కంపెనీ చేయి విడిచిన తరువాత దీనిని బాగుచేయగలవారు ఎవరు? క్రొత్త రౌటరు కొనబోవువారు ధర కన్న ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇదియే అని మా అభిప్రాయము. ఎందువలననో వివరించెదము.

రౌటరు చూచుటకు చిన్నదే గాని, నిజమునకు అది ఒక పూర్తి కంప్యూటరు. లెక్కలు చేయు ప్రాసెసరు, పని చేయునప్పుడు వాడుకొను ర్యామ్, కరెంటు పోయినను చెరగని ఫ్లాష్ మెమరీ, తరంగములను పంపి అందుకొను రేడియో భాగము దానిలో కలవు. వీటి నన్నింటిని నడిపించు ప్రోగ్రాము ఫ్లాష్ మెమరీలో వ్రాయబడి ఉండును. దానికే ఫర్మ్‌వేరు అని పేరు. ఏ ప్రోగ్రాములోనైనను లోపములు ఉండుట సహజము. అవి బయటపడినప్పుడెల్ల తయారీదారు సవరించిన ఫర్మ్‌వేరును విడుదల చేయవలెను. కొన్ని సంవత్సరములు చేయును. పిదప క్రొత్త నమూనాలు రాగానే పాతవాటిని విడిచిపెట్టును. పెట్టె మాత్రము యథాప్రకారము దీపములు వెలిగించుకొని పనిచేయుచునే ఉండును. యజమానికి ఏ లోటును కనబడదు. కాని ఆ తరువాత బయటపడిన లోపములు అట్లే నిలిచిపోవును.

ఇది వట్టి భయము కాదు. 2018 మే నెలలో 'వీపీఎన్ ఫిల్టర్' అను దుష్ట ప్రోగ్రాము 54 దేశములలో కనీసము 5 లక్షల రౌటర్లలోను, నిల్వపెట్టెలలోను చేరియున్నట్లు సిస్కో కంపెనీకి చెందిన టాలోస్ పరిశోధకులు వెల్లడించిరి. లోనైన వాటిలో చాల వరకు అదివరకే అందరికి తెలిసిన లోపములు గల పెట్టెలే. రౌటర్లను ఒకసారి ఆపి మరల నడుపవలసినదిగా అమెరికా ఎఫ్.బి.ఐ. ప్రజలను కోరినది. ఇంటి వాకిట కావలి ఉన్నవాడే దొంగతో చేతులు కలిపినచో ఎట్లుండునో, ఇదియు అట్టిదే. బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువులు, వైద్యుల నివేదికలు అన్నియు ఆ వాకిటి నుండియే పోవుచున్నవి గదా.

ఈ చిక్కునకు ఒక మార్గము స్వేచ్ఛా ఫర్మ్‌వేరు. అనగా మూలగ్రంథము అందరికి తెరచి ఉంచబడిన ఫర్మ్‌వేరు. దానిని ఎవరైనను చదువవచ్చును, సరిదిద్దవచ్చును, తిరిగి పంచవచ్చును. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఓపెన్ డబ్ల్యుఆర్‌టీ. ఆ పేరు వచ్చిన కథ ఎన్నికకు కూడ పనికివచ్చును గనుక సంగ్రహముగ చెప్పెదము.

2002 డిసెంబరులో లింక్‌సిస్ అను కంపెనీ 'డబ్ల్యుఆర్‌టీ 54జీ' అను రౌటరును అంగడిలోనికి తెచ్చెను. దాని ఫర్మ్‌వేరు లినక్సు మీద కట్టబడినదని 2003లో కొందరు ప్రోగ్రాము నిపుణులు కనుగొనిరి. లినక్సు జీపీఎల్ అను లైసెన్సు క్రింద లభించును. 'మా ప్రోగ్రామును వాడుకొనుడు, మార్చుకొనుడు. కాని దానిని ఇతరులకు అందించునప్పుడు మూలగ్రంథమును కూడ అందించుడు' అనుట ఆ లైసెన్సు సారాంశము. నిపుణులు ఈ షరతును గుర్తుచేయగా, ఆ సంవత్సరమే లింక్‌సిస్‌ను కొనియున్న సిస్కో మూలగ్రంథమును ప్రకటించెను. దానిని ఆధారము చేసుకొని 2004లో ఓపెన్ డబ్ల్యుఆర్‌టీ పుట్టినది. ఒక్క రౌటరు కొరకు మొదలైన పని క్రమముగా వందలకొలది నమూనాలకు విస్తరించినది.

కథ అంతటితో ముగియలేదు. 2005లో అదే రౌటరు అయిదవ రూపము వెలువడినది. పై పేరు అదే, పెట్టె అదే. లోపల మాత్రము ఫ్లాష్ మెమరీ 4 మెగాబైట్ల నుండి 2కు, ర్యామ్ 16 నుండి 8కి తగ్గిపోయినది. లినక్సు స్థానమున వేరొక ప్రోగ్రాము చేరినది. పేరు చూచి కొన్నవారు నివ్వెరపోయిరి. స్వేచ్ఛను కోరువారి కొరకు పాత అమరికతోనే '54జీఎల్' అను వేరొక నమూనాను అదే సంవత్సరము విడుదల చేయవలసి వచ్చినది.

ఈ కథ తెలిసియుండియు మేము అదే పొరపాటు చేసితిమి. ఒక మిత్రుని యింట స్వేచ్ఛా ఫర్మ్‌వేరుతో చక్కగా పనిచేయుచున్న రౌటరును చూచి, అదే పేరు గలదానిని కొని తెచ్చుకొంటిమి. రాత్రి భోజనముల పిమ్మట కూర్చుండి ఫర్మ్‌వేరును ఎక్కింపబోగా పెట్టె దానిని అంగీకరింపలేదు. రెండుమూడు విధముల ప్రయత్నించి, తుదకు పెట్టెను తలక్రిందులు చేసి చూచితిమి. అడుగున అంటించిన చీటీ మీద చిన్న అక్షరములలో రూపసంఖ్య ఉన్నది. మిత్రునిది మొదటి రూపము, మాది మూడవది. లోపలి చిప్పే వేరు. తప్పు అంగడివానిది కాదు. చీటీ చదువని మాది.

కావున మొదటి నియమము: కంపెనీ పేరు, నమూనా పేరు మాత్రమే చాలవు, రూపసంఖ్య కూడ కావలెను. ఓపెన్ డబ్ల్యుఆర్‌టీ వారు తమ ఫర్మ్‌వేరు ఏయే రౌటర్లకు సరిపోవునో ఒక పెద్ద పట్టికగా నిర్వహించుచున్నారు. అందు ప్రతి నమూనాకు రూపసంఖ్య, చిప్పు, మెమరీ పరిమాణములు, తెలిసిన లోపములు వ్రాయబడి ఉండును. కొనదలచిన రౌటరును ఆ పట్టికలో ముందుగా చూచుకొనవలెను. పట్టికలో ఉన్న రూపమునకు, చేతికివచ్చిన పెట్టె అడుగున ఉన్న చీటీకి అక్షరమైనను తేడా ఉండరాదు. ఒక్కొక్కప్పుడు ఒకే నమూనా ఒక దేశమునకు ఒక తీరున, మరియొక దేశమునకు మరియొక తీరున తయారగుట కూడ కలదు. తిరిగి తీసుకొనుటకు అంగీకరించు దుకాణములో కొనుట మేలు.

రెండవది మెమరీ. ఫ్లాష్ మెమరీ అలమర వంటిది; ర్యామ్ పనిచేయు బల్ల వంటిది. అలమర చిన్నదైనచో సామాను పట్టదు. బల్ల చిన్నదైనచో పని నడుమ ఆగిపోవును. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల ర్యామ్ గల పాత రౌటర్లకు ఓపెన్ డబ్ల్యుఆర్‌టీ 19.07 విడుదలతో సెలవు చెప్పవలసి వచ్చినది. ఏలయనగా ప్రోగ్రాము పెరిగెను, పెట్టె పెరుగదు. 8 మెగాబైట్లు, 64 మెగాబైట్లు గలవి కూడ ఇరుకైనవే. నేడు క్రొత్తగా కొనువారు ఫ్లాష్ 128 మెగాబైట్లకు, ర్యామ్ 256 మెగాబైట్లకు తగ్గకుండ చూచుకొన్నచో పెక్కు సంవత్సరములు నిశ్చింతగా ఉండవచ్చును.

మూడవది చిప్పు. పెట్టె మీద ఎన్ని యాంటెన్నాలున్నవో చూచి మురియుట కన్న, లోపలి రేడియో చిప్పు ఎవరిదో తెలిసికొనుట ముఖ్యము. చిప్పును నడుపు భాగమును డ్రైవరు అందురు. దాని మూలగ్రంథము లేనిచో స్వేచ్ఛా ఫర్మ్‌వేరు వ్రాయువారు చీకటిలో తడవుకొన్నట్లే. మీడియాటెక్ చిప్పులకు 'ఎమ్‌టీ76' అను స్వేచ్ఛా డ్రైవరు కలదు, లినక్సులోనే చేరియున్నది. క్వాల్‌కామ్ వారి ఆథిరాస్ చిప్పులకు కూడ స్వేచ్ఛా డ్రైవర్లు కలవు. కాని వాటి క్రొత్త తరములలో చిప్పు లోపలనే నడుచు ఒక చిన్న ప్రోగ్రాము మూసియే ఉన్నది. మీడియాటెక్ క్రొత్త చిప్పులలోను ఈ లోటు కొంత కలదు. బ్రాడ్‌కామ్ రేడియో చిప్పుల విషయమున మాత్రము స్వేచ్ఛా డ్రైవర్ల పరిస్థితి చాలకాలముగా సంతృప్తికరముగా లేదు. అట్టి రౌటరు ఖరీదైనదైనను, దానిపై స్వేచ్ఛా ఫర్మ్‌వేరు ఎక్కినను, వైఫై కుంటుచు నడచుట సంభవించును. పట్టికలో పేరు కనబడినంతమాత్రమున చాలదు. వైఫై పూర్తిగా పనిచేయుచున్నదా అను గడిని కూడ చూడవలెను.

నాలుగవది తరము. వైఫైకి నేడు తరముల సంఖ్యలు పెట్టిరి. 2009లో వచ్చిన ప్రమాణము నాలుగవ తరము, 2013 నాటిది అయిదవది. ఆరవ తరమునకు 2019లో ధ్రువీకరణ ఆరంభమైనది. ఏడవదానికి 2024 జనవరిలో ఆరంభమైనది. ఆరవ తరమునందలి విశేషము వేగము మాత్రమే కాదు. మునుపు రౌటరు సాధారణముగా ఒక్కొక్కసారి ఒక్కొక్క పరికరమునకు వార్తను పంపెడిది. ఆరవ తరములో ఒక ప్రసారమును ముక్కలుగా పంచి పలు పరికరములకు ఒకేసారి అందింపవచ్చును. ఒక్కొక్క ఉత్తరమునకు ఒక్కొక్క బండి కట్టుట మాని, ఒకే బండిలో వీధి వీధి ఉత్తరములను పంపినట్లు. ఇంటిలో పరికరములు ఎక్కువైనకొలది దీని ప్రయోజనము తెలియును.

మా పాఠకులకు తరంగముల కొలతలు క్రొత్త కావు. విజయవాడ కేంద్రము పేరుతో శ్రోతలు ఎరిగిన 837 కిలోహెర్ట్జుల మధ్యతరంగము పొడవు సుమారు 358 మీటర్లు. అది కొండలను, ఊళ్లను దాటి జిల్లాల మేర వినిపించును. వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జులది అందులో సగము. పొడవు తగ్గినకొలది గోడలను దాటు శక్తి తగ్గును. మందమైన ఇటుక గోడలు, కాంక్రీటు కప్పులు గల మన యిండ్లలో 5 గిగాహెర్ట్జుల తరంగము రెండు గోడలు దాటుసరికి నీరసించును. మన దేశములో 2.4 పట్టీని 2005లోను, 5 పట్టీలో 605 మెగాహెర్ట్జుల మేరను 2018లోను లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతించిరి. 6 గిగాహెర్ట్జుల దిగువ పట్టీకి ముసాయిదా నియమములు 2025 మే నెలలో ప్రకటించిరి. ఆ పట్టీ కొరకు అధికమూల్యము చెల్లించుటకు ముందు, కొనునాటికి అమలునందున్న నియమములను చూచుకొనుట వివేకము. పెద్ద యింటికి ఒక్క బలమైన రౌటరు కన్న, తీగతో కలిపిన రెండు సామాన్యమైన రౌటర్లే మేలు చేయును.

సరిక్రొత్త తరము వచ్చినవెంటనే స్వేచ్ఛా ఫర్మ్‌వేరు దానికి సిద్ధముగా ఉండదు. డ్రైవర్లు వ్రాయుటకు, లోపములు తీర్చుటకు కాలము పట్టును. కావున వేగము 100, 200 మెగాబిట్ల కనెక్షను గల సామాన్య గృహమునకు ఏడవ తరము కొరకు తొందరపడక, కుదురుకొన్న ఆరవ తరపు పెట్టెను ఎన్నుకొనుట మంచిదని మా సలహా.

అయిదవది ప్రాసెసరు బలము. ఇది ఎందుకని అడుగవచ్చును. ఇంటిలో ఒకరు పెండ్లి ఫోటోలను పైకి పంపుచుండగా, ప్రక్కగదిలో పాఠము వినుచున్న బిడ్డకు గురువు గొంతు తెగి తెగి వినిపించుట చాలమందికి అనుభవమే. కనెక్షను వేగము చాలక అని తలచి ఎక్కువ చందా కట్టుదురు. అయినను బాధ తీరదు. అసలు కారణము వరుస. పంపవలసిన మూటలన్నియు రౌటరులో పొడుగాటి వరుస కట్టును. చిన్నదైన మాటల మూట ఆ వరుస చివర నిలిచి తన వంతు కొరకు కాచుకొనవలసి వచ్చును. కాలువ చివరి పొలమునకు నీరు అందకపోవుట వంటిదే ఇది. లస్కరు తూముల దగ్గర నిలిచి వంతులు వేసినచో అందరికి అందును. ఈ వరుసలను పొట్టిగా ఉంచు 'కోడెల్' అను పద్ధతిని 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ ప్రకటించిరి. దాని సంతతి పద్ధతులు ఓపెన్ డబ్ల్యుఆర్‌టీలో కలవు. కనెక్షను వేగములో సుమారు 90 శాతమును పరిమితిగా నిర్ణయించినచో, వరుస బయట కట్టక మన రౌటరులోనే కట్టును. మన రౌటరు వంతులు వేయును. కాని ప్రతి మూటను లెక్కించుటకు ప్రాసెసరు బలముగా ఉండవలెను. వేగము హెచ్చు కనెక్షను గలవారు బలహీనమైన ప్రాసెసరు గల పెట్టెను కొన్నచో ఈ సౌకర్యమును వాడుకొనలేరు.

ఆరవది, మిక్కిలి ముఖ్యమైనది, తిరుగుదారి. ఫర్మ్‌వేరు మార్చునప్పుడు నడుమ కరెంటు పోయినను, పొరపాటున వేరొక దస్త్రము ఎక్కించినను, పెట్టె కదలక మెదలక ఇటుక వలె పడియుండును. అప్పుడు దానిని బ్రతికించు ఉపాయము ఉన్నదా అని కొనకముందే విచారించవలెను. కొన్ని నమూనాలలో బొత్తామును నొక్కి పట్టుకొని కరెంటు ఇచ్చినచో, ఒక చిన్న పునరుద్ధరణ పేజీ తెరచుకొనును. జీఎల్ ఐనెట్ వారి 'ఫ్లింట్ 2', 'బెరిల్ ఏఎక్స్' అట్టివి. రెండును ఆరవ తరపువే, మీడియాటెక్ చిప్పులు గలవే. మొదటిదానిలో 1 గిగాబైటు ర్యామ్, రెండవదానిలో 512 మెగాబైట్ల ర్యామ్ కలదు. కొన్ని ఇతర నమూనాలలోనో, పెట్టెను విప్పి లోపలి పలకకు తీగలు అతికినగాని దారి లేదు. అది అందరికి చేతనగు పని కాదు.

ఓపెన్ డబ్ల్యుఆర్‌టీ వారే తమ ఇరువది సంవత్సరముల అనుభవముతో రూపొందించిన రౌటరు 2024 నవంబరులో వెలువడినది. పేరు 'ఓపెన్ డబ్ల్యుఆర్‌టీ వన్'. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అను సంస్థ తోడ్పడగా, బనానా పై వారు తయారుచేసిరి. ఆరవ తరపు వైఫై, 1 గిగాబైటు ర్యామ్, 256 మెగాబైట్ల ఫ్లాష్ దానిలో కలవు. ఇవిగాక పునరుద్ధరణ కొరకు 16 మెగాబైట్ల వేరొక ఫ్లాష్‌ను, దానికి ఒక మీటను అమర్చిరి. ముఖ్యమైన ఫర్మ్‌వేరు పాడైనను మీట త్రిప్పి పెట్టెను లేపవచ్చును. దాని సర్క్యూటు పటమును కూడ ప్రకటించిరి. వెల 89 డాలర్లుగా ప్రకటించిరి. మన దేశమునకు తెప్పించుకొనువారు కస్టమ్సు సుంకమును, వైర్‌లెస్ పరికరములకు కావలసిన ప్రభుత్వ ఆమోదమును గూర్చి ముందే విచారించుకొనవలెను.

మన యూళ్లలో ఫైబరు కనెక్షను ఇచ్చువారు తమ పెట్టెను ఒకటి ఇంటిలో అమర్చి పోవుదురు. దానిని తీసివేయ వీలుపడకపోవచ్చును. ఫోను, టీవీ కూడ దాని ద్వారముననే వచ్చుచుండవచ్చును. అట్టిచోట దానిని 'బ్రిడ్జి' పద్ధతిలో పెట్టి, దాని వెనుక మన రౌటరును తగిలించుకొనుట మార్గము. ఇందుకు వారు ఒప్పుకొందురో లేదో రౌటరు కొనకముందే అడిగి తెలిసికొనవలెను. ఒప్పుకొననిచో వారి పెట్టె వెనుకనే మన రౌటరును ఉంచి, వారి వైఫైని మాత్రము ఆపివేయవచ్చును.

స్వేచ్ఛ అనగా బాధ్యత కూడ. ఓపెన్ డబ్ల్యుఆర్‌టీని క్రొత్తగా ఎక్కించినప్పుడు సాధారణముగా పరిపాలనకు రహస్యపదము ఉండదు. వైఫై ఆపబడి ఉండును. మొదట బలమైన రహస్యపదమును పెట్టి, పిదప వైఫైని తెరచి, దేశము గడిలో భారతదేశమును ఎన్నుకొనవలెను. వేరొక దేశమును ఎన్నుకొని ప్రసారశక్తిని పెంచుకొనుట చట్టమునకు విరుద్ధము; పొరుగువారి తరంగములకు అంతరాయము. ఫర్మ్‌వేరు మార్పునకు తయారీదారు వారంటీ వర్తించునో లేదో కూడ చూచుకొనవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, ఇంటిలో ఒకరు ఆరు నెలలకు ఒకసారియైనను క్రొత్త విడుదలను చూచి ఎక్కించు పూచీ తీసికొనవలెను. పూచీ తీసికొనువారు లేని యింట స్వేచ్ఛా ఫర్మ్‌వేరు కూడ పాతబడి, అదే ప్రమాదమును తెచ్చిపెట్టును. అట్టివారు తమంతట తాము సవరణలు తెచ్చుకొను పెట్టెను కొని, తయారీదారు ఎన్ని సంవత్సరములు సవరణలు ఇచ్చునో వ్రాతపూర్వకముగా ప్రకటించినదానినే ఎన్నుకొనుట మేలు. ఇందులో చిన్నతనమేమియు లేదు.

దుకాణమునకు పోవునప్పుడు ఒక కాగితము మీద ఈ ఆరు మాటలు వ్రాసికొనుడు: రూపసంఖ్య, మెమరీ, చిప్పు, తరము, ప్రాసెసరు, తిరుగుదారి. పెట్టె మీద అచ్చువేసిన పెద్ద పెద్ద వేగపు అంకెలు ఈ ఆరింటిలో దేనికిని సమాధానము చెప్పవు. అన్నింటికి తృప్తికరమైన సమాధానము దొరికిన పెట్టె కొంత సాదాగా కనబడవచ్చును. మా యింట అట్టిదే నేడు పనిచేయుచున్నది. ఈసారి దానిని కొనుటకు ముందు దుకాణములోనే తలక్రిందులు చేసి, అడుగున ఉన్న చీటీని కళ్లజోడు పెట్టుకొని చదివితిమి. ఆ చీటీలోని మాటలనే పెట్టె దగ్గర గోడకు ఒక కాగితము మీద వ్రాసి అంటించితిమి. ఎక్కించిన విడుదల సంఖ్యను, తేదీని దాని క్రిందనే వ్రాయుచున్నాము. మా తరువాత దానిని బాగుచేయవలసినవారికి అది పటముగా పనికివచ్చును.